అంచు లేసుతో హ్యాండ్‌బ్యాగు

మ్యాచింగ్ సెంటర్లలో లేసు చుట్టలు పేర్చిన అరల్లో ఉన్నదంతా ఇంకో గుడ్డ కోసం పుట్టిన సరుకే. చీర అంచుకో, లంగా కింద వరసకో, జాకెట్టు చేతులకో, దిండు గలీబుకో కుట్టడానికే వాటిని కొంటాం. గోటా, రిబ్బను, డోరీ, పాములా మెలికలు తిరిగే జిగ్‌జాగ్ లేసు, సోఫా అంచులకు అంటించే అల్లిక పట్టీ, ఇవేవీ ఒంటరిగా వాడేవి కావు. ఇప్పుడు కొందరు వీటినే దారంగా పట్టుకుని క్రోషియా సూదితోనో, స్వెటరు సూదులతోనో హ్యాండ్‌బ్యాగులు అల్లేస్తున్నారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, ఫోటోల్లో మరీను. నాలుగు నెలలు భుజాన వేసుకుని తిరిగాక చూడండి: పట్టీ మోకాలి దాకా సాగి ఉంటుంది, అడుగు కిందికి జారి ఉంటుంది, సందుల్లోంచి పెన్ను మూతి బయటికి చూస్తుంటుంది.

అల్లిక రానందువల్ల జరిగేది కాదు ఇది. నిజానికి ఈ పనిలో అల్లికే తేలిక. సంచి అంటే బరువు మోసేది, లేసేమో బరువు మోయడానికి పుట్టింది కాదు. ఈ రెంటికీ రాజీ కుదర్చడంలోనే ఉంది కష్టమంతా.

ముందు సరుకు సంగతి. మామూలు నూలు దారం గుండ్రంగా ఉంటుంది, ఎటు తిప్పినా ఒకటే. లేసు అలా కాదు. చాలావాటికి వెడల్పు ఉంటుంది, ముందువైపు వెనుకవైపు ఉంటాయి, అంచులుంటాయి. కొట్లోనే చేసి చూడదగ్గ పరీక్ష ఒకటుంది. జానెడు లేసు తీసుకుని మామూలు ముడి వేసి, బిగించి, మళ్లీ విప్పండి (అడిగి చేయండి, చెప్పకుండా చేస్తే కొట్టువాడు ఊరుకోడు). ముడి మెత్తగా పడి, విప్పాక మడత అంతగా నిలవకపోతే అది అల్లికకు లొంగుతుంది. ముడి దగ్గర జరీ చిట్లినా, పూసలు అడ్డుపడినా, పుల్లలా బిగుసుకుపోయినా దాన్ని అంచుకే వదిలేయడం మేలు.

అన్నిట్లోకి సులువైనది డోరీ. గుండ్రంగా ఉంటుంది కనుక లావుపాటి దారంలాగే నడుస్తుంది. దాని చిక్కల్లా జారుడు. పాలియెస్టర్ డోరీ మెరుపుకు తగ్గట్టు నున్నగా ఉండి, వేసిన ముడిని కాసేపట్లో తానే విప్పుకుంటుంది. శాటిన్ రిబ్బనులో 6 మిల్లీమీటర్లది చక్కగా అల్లుకుంటుంది, 12 దాకా పరవాలేదు, 25 మిల్లీమీటర్లది పట్టుకుంటే సూది మీద గుట్టలు గుట్టలుగా పోగవుతుంది. ఆర్గంజా రిబ్బను వెడల్పున్నా నలిపితే చిటికెడంత అవుతుంది కాబట్టి తేలిగ్గా వస్తుంది, కానీ అంచుల్లోంచి పోగులు లేస్తాయి. జిగ్‌జాగ్ లేసుకు ఓపిక కావాలి. దాని మెలికలు కొక్కేనికి తట్టుకుంటూనే ఉంటాయి. వదులుగా అల్లితే మాత్రం మొగ్గలు మొగ్గలుగా లేచి, ఇంకే దారంతోనూ రాని అందం వస్తుంది.

గోటా దగ్గర ఒక హెచ్చరిక. ఇప్పుడు మనకు దొరికే గోటాలో ఎక్కువ భాగం ప్లాస్టిక్ పొరతో చేసిన జరీయే. మెరుస్తుంది, తేలిగ్గా ఉంటుంది, చవక. అయితే దాని అంచు గరుకు. గోటాతో అల్లిన సంచి నడుము పక్కన ఊగుతుంటే పట్టుచీర పోగులు లాగేస్తుంది. సంచి పాడవడం కాదు, చీర పాడవుతుంది. పెళ్లికి పట్టుకెళ్దామనుకునేవాళ్లు సంచి లోపలివైపు, అంటే ఒంటికి తగిలే పక్క, డోరీతోనో రిబ్బనుతోనో అల్లి గోటాను ముందుపక్కకే పరిమితం చేసుకోవాలి. రాళ్ల లేసు, ముత్యాల లేసు, అద్దాల లేసు అల్లడానికి పనికిరావు. సంచి మూతి చుట్టూ ఒక వరస కుట్టుకోవడానికి మహా బాగుంటాయి.

కొట్లో ‘క్రోషియా లేసు’ అని అమ్మే పట్టీలు కూడా చూసే ఉంటారు. పేరు అదే అయినా అది క్రోషియా సూదితో చేసింది కాదు. కొంత నిలువు దారాల అల్లిక యంత్రాల మీద వస్తుంది. కొంత, జీపీఓ లేసు అని పిలిచే రకం, కరిగిపోయే గుడ్డ మీద ఎంబ్రాయిడరీ చేసి, తరవాత ఆ గుడ్డను కరిగించేస్తే మిగిలేది. నిజమైన క్రోషియాలో కొక్కెం అప్పటికే అల్లిన దాంట్లో ఏ రంధ్రంలోకైనా దూరి, అక్కణ్ణుంచి దారాన్ని లాక్కొచ్చి, ఉన్న ఉచ్చులోంచి బయటికి తీయాలి. ప్రతి కుట్టుకూ చోటు కొత్తగా వెతుక్కునే ఈ పనిని చేతిలాగే చేసే ఫ్యాక్టరీ యంత్రం వాడుకలోకి రాలేదు. స్వెటరు అల్లికకు యంత్రాలు వందల ఏళ్లుగా ఉన్నాయి, క్రోషియా మాత్రం ఇంకా చేతిపనే. కాబట్టి యంత్రం చేసిన లేసును చేత్తో క్రోషియా అల్లుతున్నామంటే ఒకే వస్తువులో యంత్రానిదీ చేతిదీ రెండు పనులూ ఉన్నట్టే. ఈ మాట ధర దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

అలంకారపు సరుకుతో సంచులు అల్లడం మొన్నటి సరదా కాదు. 1940లలో అమెరికాలో ఇలాంటి సంచుల జోరు బాగా నడిచింది. లోపల ఒక తాడు, దాని చుట్టూ పట్టు లేదా రేయాన్ చుట్టిన ‘గింప్’ అనే అంచు సరుకు ఉండేది. దాన్ని గుడ్డ మీద వంకీలుగా కుట్టిన ‘కోర్డే’ సంచులు బజారులో దొరికేవి. ఇంట్లో ఆడవాళ్లు దళసరి దారాలతో క్రోషియా సంచులు అల్లుకునేవారు, వాటికి నమూనా పుస్తకాలూ వచ్చేవి. రెండో ప్రపంచ యుద్ధంలో తోలు, లోహం సైన్యానికి పోతున్నాయి. జిప్పులకూ కరువే. కాబట్టి చెక్క, ప్లాస్టిక్ పిడులు పెట్టి, మూతికి బొత్తామో నాడానో వేసి సరిపెట్టుకున్నారు. ఆ కాలపు సంచులు ఇప్పటికీ పాత వస్తువులు సేకరించేవాళ్ల దగ్గర ఉన్నాయి. నిలిచినవాటిలో చాలావాటికి లోపల అస్తరు ఉంటుంది.

మన ఇళ్లలో ఇలాంటి చేతిపని వైరు బుట్ట. ప్లాస్టిక్ వైరు కట్టలు తెచ్చి ఆడవాళ్లు మధ్యాహ్నాలు కూర్చుని అల్లిన బుట్టలు బియ్యం, కూరగాయలు, టిఫిను డబ్బాలు ఏళ్లకేళ్లు మోశాయి. ఆ వైరు సాగదు, తడవదు, బుట్ట తన కాళ్ల మీద తాను నిలబడుతుంది. లేసు సంచికి ఆ మూడు గుణాలూ లేవు. వైరు బుట్ట అలవాటున్న చేతులు లేసు సంచి మొదలుపెడితే దానికీ అవి ఉన్నాయనుకుని, అస్తరు అక్కర్లేదనుకుంటాయి.

ఇక పొడవు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే, లెక్క మాత్రం చిన్నపిల్లల లెక్కే. లేసు చుట్ట మీద మీటర్లు రాసి ఉంటాయి గానీ, దారం లేబుల్ మీదలాగా ఎన్నో నంబరు సూది వాడాలో, పది సెంటీమీటర్లకు ఎన్ని కుట్లో ఉండవు. కాబట్టి ఒక్క చుట్ట కొని, పది సెంటీమీటర్ల చదరం అల్లండి. కొలిచి, మొత్తం విప్పి, అది ఎంత లేసు తిన్నదో టేపుతో చూడండి. 5 మీటర్లు అయిందనుకుందాం. అంటే 100 చదరపు సెంటీమీటర్లకు 5 మీటర్లు.

ఇప్పుడు సంచి. అడుగు 25 సెంటీమీటర్ల పొడవు, 6 వెడల్పు, ఎత్తు 20 అనుకోండి. అడుగును కోడిగుడ్డు ఆకారంలో, మధ్యలో గొలుసు వేసి, దాని చుట్టూ రెండు పక్కలా తిరుగుతూ అల్లుతారు. ఆ గొలుసును 25 సెంటీమీటర్లు వేస్తే అడుగు 31 అయి కూర్చుంటుంది. ఎందుకంటే చుట్టూ వేసే వరసలు పక్కలకు 3 సెంటీమీటర్లు పెంచినప్పుడే చివరలకూ చెరో 3 పెంచుతాయి. కావలసిన పొడవులోంచి వెడల్పు తీసేయాలి: 25లోంచి 6 తీస్తే 19. గొలుసు 19 సెంటీమీటర్లే. ఈ అడుగు చుట్టుకొలత సుమారు 57 సెంటీమీటర్లు. 20 ఎత్తు గోడకు 1,140 చదరపు సెంటీమీటర్లు, అడుగుకు ఇంకో 140, మొత్తం 1,280. నూటికి 5 మీటర్ల చొప్పున 64 మీటర్లు. పొరపాట్లకు, అతుకులకు పదో వంతు కలిపితే 70. సాధారణంగా దొరికే 9 మీటర్ల చుట్టలైతే 8 కావాలి, భుజం పట్టీకి ఇంకోటి. అన్నీ ఒకేసారి కొనేయండి. వచ్చే వారం అదే కొట్టుకు వెళ్తే అదే పేరుతో, అదే నంబరుతో, వెంట్రుక వాసి తేడా రంగులో సరుకు ఇస్తారు. చీర అంచుకైతే ఆ తేడా ఎవరూ పట్టించుకోరు, సంచి మధ్యలో చార గీసినట్టు కనిపిస్తుంది.

ఈ లెక్కతో ఇంకొకటి కూడా తెలుస్తుంది. కాస్త దళసరి లేసు చుట్ట 60 గ్రాములు తూగిందంటే, 8 చుట్టల సంచి ఖాళీగానే అర కిలోకు దగ్గర. అందులో ఫోను, నీళ్ల సీసా, తాళాలు, పర్సు పడాలి. బరువైన సరుకు నచ్చితే సంచి కొలత తగ్గించుకోవడం తప్ప దారి లేదు.

క్రోషియానా, స్వెటరు సూదులా అని అడిగితే, సంచికి నేను క్రోషియా వైపే. స్వెటరు అల్లికలో ఒక వరస ఉచ్చులన్నీ ఒకేసారి సూది మీద ప్రాణంతో ఉంటాయి, ఒకటి జారితే కింది వరసలన్నీ నిచ్చెనలా విడిపోతాయి. నున్నటి రిబ్బనుతో ఈ జారుడు ఇంకా ఎక్కువ. పైగా ఆ అల్లిక నాలుగు పక్కలా సాగుతుంది. స్వెటరుకు కావలసిన ఆ గుణమే సంచికి శత్రువు. క్రోషియాలో ఎప్పుడూ ఒక్క ఉచ్చే తెరిచి ఉంటుంది. సింగిల్ క్రోషియా దగ్గరగా వేస్తే గుడ్డ గట్టిగా, మందంగా వస్తుంది. విదేశీ నమూనాలు చూసి అల్లేవాళ్లు ఒకటి గమనించుకోవాలి: అమెరికా వాళ్లు సింగిల్ అనేదాన్నే ఇంగ్లండు వాళ్లు డబుల్ అంటారు. అది చూసుకోకపోతే మనం వేసిన పొడవు లెక్కంతా తలకిందులవుతుంది. చిన్న చేతి పర్సుకు, మెత్తగా వేలాడాల్సిన పోట్లీ సంచికి మాత్రం స్వెటరు సూదుల అల్లిక బాగుంటుంది. రిబ్బను అందులో తన మెరుపు మొత్తం చూపిస్తుంది.

సూది ఎంపికకు గుర్తు సులువు: కొక్కెం నోట్లో లేసు మడత మొత్తం ఇమడాలి. సగం బయటికి ఉంటే ప్రతి కుట్టుకూ ఒక పోగు చీలుతుంది. సన్న దారం లేసు అల్లే స్టీలు సూదులు ఇక్కడ పనికిరావు, 5 నుంచి 8 మిల్లీమీటర్ల సూది కావాలి.

మెలి గురించి ఎవరూ ముందుగా చెప్పరు. రిబ్బను చుట్టను బల్ల మీద పడుకోబెట్టి, పైనుంచి లాగుతూ అల్లితే, చుట్ట నుంచి ఊడిన ప్రతి పొరతో రిబ్బనులో ఒక మెలి చేరుతుంది. పది నిమిషాల్లో అది టెలిఫోను తీగలా చుట్టుకుపోయి, అల్లిక మీద మెరుపు ఒకచోట ఉండి ఒకచోట పోతుంది. చుట్ట మధ్య రంధ్రంలోకి ఒక పుల్ల దూర్చి, రెండు పుస్తకాల మధ్య ఆ పుల్లను ఆనించి, చుట్ట తనంతట తాను దొర్లేలా పెట్టండి. పక్కనుంచి ఊడిన రిబ్బను చదునుగానే వస్తుంది.

చుట్ట అయిపోయినప్పుడు ముడి వేయకూడదు. ముడి బయటికి పొడుచుకొస్తుంది, నున్నటి సరుకైతే విడిపోతుంది కూడా. పాత చివర, కొత్త చివర రెండు మూడు సెంటీమీటర్లు ఒకదాని మీద ఒకటి పెట్టి, అదే రంగు దారంతో సూదిపెట్టి కుట్టేసి ముందుకు సాగాలి. పాలియెస్టర్ అయితే కోసిన చివరను అగరుబత్తి నిప్పుకు ఒక్క క్షణం చూపిస్తే కరిగి అతుక్కుంటుంది, పోగులు లేవవు. నూలు లేసుకు ఈ కిటుకు వద్దు, అది కరగదు, అంటుకుంటుంది. ఏది ఏదో తెలియకపోతే ముందు చిన్న ముక్క మీద చూడండి.

ఇప్పుడు అసలు సంగతి, అస్తరు. అల్లిక బయటికి కనిపించడానికి, బరువు మోయడానికి లోపల వేరే సంచి. ఆ లోపలి సంచిని గట్టి కాటన్ గుడ్డతో, అల్లిక కంటే ఎత్తులో ఒక సెంటీమీటరు తక్కువగా కుట్టించాలి. ఈ ఒక్క సెంటీమీటరులోనే ఉంది కీలకం. రెండూ ఒకే ఎత్తులో ఉంటే, లోపలి గుడ్డ కుంగినకొద్దీ సామాను బరువు అల్లిక అడుగు మీద పడి అది సాగుతుంది. అస్తరు కాస్త పొట్టిగా ఉంటే సామానంతా అస్తరు అడుగునే ఆగిపోతుంది, బయటి అల్లిక అడుగుకు భారం తగలదు. సందుల్లోంచి అస్తరు రంగు కనిపిస్తుంది కాబట్టి లేసుకు సరిపోయే రంగో, కావాలనే ఎదురు రంగో ఎంచుకోవచ్చు. అడుగున నిలబడడానికి పాత ప్లాస్టిక్ ఫైలు అట్ట కోడిగుడ్డు ఆకారంలో కోసి, గుడ్డ చుట్టి వేస్తే చాలు. మూతికి టైలర్ల దగ్గర దొరికే బక్రం పట్టీ వేయాలి, లేదంటే జిప్పు కుట్టినచోట మూతి అలలు అలలుగా లేస్తుంది.

పట్టీకి నవారు. మంచాలకు అల్లే నవారు లాంటిదే, అంగుళం వెడల్పుది సంచుల సామాను అమ్మే కొట్లలో దొరుకుతుంది. అల్లిన లేసు పట్టీని ఒంటరిగా భుజానికి వేలాడదీస్తే అది సాగక తప్పదు. నవారును భుజం దగ్గర ఆపేయకుండా, ఒక పక్క గోడ వెంట లోపలికి దించి, అస్తరుకూ అల్లికకూ మధ్యగా అడుగు కిందినుంచి తీసుకెళ్లి, రెండో పక్క పైకి రప్పించాలి. అప్పుడు బరువు మొత్తం ఆ నవారు ఉట్టిలా మోస్తుంది. పైన కనిపించే భాగానికి లేసు అల్లిక తొడుగులా వేసి కుట్టేస్తే చాలు.

ఉతకడం సంగతి ఒక్క మాట: జరీ ఉంటే నీళ్లు వద్దు, లేకుంటే చల్లటి నీళ్లలో ముంచి, పిండకుండా, తీగ మీద వేలాడదీయకుండా పరిచి ఆరబెట్టాలి. ఇస్త్రీ పెట్టె దగ్గరికి రానివ్వొద్దు.

ఈ పని అమ్మకానికి నిలుస్తుందా అనేది నరసాపురం ప్రాంతం దృష్టితో చూస్తే బాగా అర్థమవుతుంది. గోదావరి డెల్టాలో క్రోషియా లేసు పనికి మొదలు 1844లో స్కాట్లండ్ నుంచి వచ్చిన మక్రే దంపతులని అక్కడ చెప్పుకుంటారు. ఆ తరవాత అది ఇంటింటి పనైంది. వ్యాపారి దారం ఇస్తాడు, ఆడవాళ్లు ఇంట్లోనే అల్లి ముక్కలు తిరిగి ఇస్తారు, ముక్కకింత అని కూలి. ఒకరు పూలు అల్లితే ఇంకొకరు అతుకుపని చేస్తారు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో వెలువరించిన పుస్తకం ఈ పనివాళ్ల మీదే. ప్రపంచ మార్కెట్టుకు సరుకు చేస్తున్న ఆడవాళ్లను ‘ఇంట్లో ఖాళీగా కూర్చుని అల్లుకునే గృహిణులు’గా చూడడం వల్లే వాళ్ల కూలి అంత అడుగున ఉందని ఆమె వాదన. 2024లో నరసాపురం క్రోషియా లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు పేరును కాపాడుతుంది, కూలి రేటును అది నిర్ణయించదు.

పైన లెక్క వేసిన సంచిలో పది సెంటీమీటర్లకు 10 కుట్లు, 10 వరసలు అనుకుంటే మొత్తం 1,280 కుట్లు. అదే సంచిని సన్న నూలు దారంతో, పది సెంటీమీటర్లకు 35 కుట్లు, 35 వరసల చొప్పున అల్లితే కుట్లు 15 వేలు దాటుతాయి. సన్న దారం పనిలో సరుకు ఖర్చు కొంచెం, కష్టమే అంతా. లేసు సంచిలో తిరగబడుతుంది. కష్టం తక్కువ, కానీ పని మొదలుకాకముందే తొమ్మిది చుట్టలు చేతి డబ్బుతో కొనాలి. తప్పు అల్లి విప్పితే దారం మళ్లీ దారమే, మడతలు పడ్డ శాటిన్ రిబ్బను మాత్రం కొత్తదానిలా ఉండదు. కాబట్టి సొంతంగా అమ్మాలనుకునే మహిళ సరుకు చిల్లరగా మీటర్ల లెక్కన కాకుండా టోకున తెచ్చుకోలేకపోతే, మిగలాల్సిందంతా లేసు కొట్టుకే పోతుంది. పదిమంది సంఘంగా కలిసి ఒకే రంగు సరుకు తెప్పించుకుంటే రంగు తేడా గొడవా ఉండదు, ధరా దిగుతుంది.

ఒళ్లంతా లేసుతో అల్లిన సంచిని ఎవరైనా నెల రోజుల్లో నేర్చుకుని అల్లగలరు, పోటీకి కొరత ఉండదు. నరసాపురం చేతులకు ఇంకో దారి ఉంది. సంచి ఒళ్లు మొత్తం డోరీతో గబగబా అల్లేసి, మూతి మీద వాలే రేకును మాత్రం సన్న దారంతో, స్టీలు సూదితో, తమ పాత పూల నమూనాలో చేయడం. చూసేవాళ్ల కంటికి ముందు ఆనేది ఆ రేకే, ఏ యంత్రమూ చేయలేనిదీ అదే, ధర చెప్పేటప్పుడు గంటలు లెక్కకట్టి అడగగలిగేదీ దానికే. ఆ రేకును కుట్టేయకుండా ప్రెస్ బటన్లతో బిగిస్తే మురికి పట్టినప్పుడు విడిగా తీసి ఉతుక్కోవచ్చు, అదే సంచికి రెండో రేకూ అమ్మవచ్చు.